మొదటి పది గజాలు

గోదావరి జిల్లాల్లో ఆర్థర్ అంటే ఒక్కడే, ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర. ఆ ఆనకట్ట 1852లో పూర్తయింది. తర్వాత పదమూడేళ్లకు, 1865 అక్టోబరు 28న, ఆఫ్రికా పడమటి తీరాన ఇంకో ఆర్థర్ పుట్టాడు. ఊరు ఆక్రా, పేట జేమ్స్‌టౌన్. అప్పటి గోల్డ్ కోస్ట్, ఇప్పటి ఘనా. ఇంటిపేరు వార్టన్. ఇతని పేరు మన వైపు పెద్దగా వినిపించదు. కానీ మనిషి కాళ్లకూ చేతులకూ ఎంత తెలివి ఉండగలదో చూడాలనుకునేవాళ్లు ఇతని గురించి తెలుసుకుని తీరాలి. నూరు గజాలను పది సెకన్లలో పరుగెత్తిన ఇంగ్లండు ఛాంపియన్ ఇతను. పందెం డబ్బు కోసం పరుగెత్తి షెఫీల్డులో గెలిచిన వృత్తి పరుగుగాడు. ఫుట్‌బాల్ ఆడి జీతం తీసుకున్న మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు కూడా ఇతనే. ఆడిన స్థానం గోల్‌కీపర్‌ది.

చివరి మాట దగ్గర చదివేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. దేశంలోకెల్లా వేగంగా పరుగెత్తే మనిషి ఫుట్‌బాల్ జట్టులోకి వస్తే అతన్ని ఎక్కడ పెడతారు? అంచు వెంట బంతి తోలుకుంటూ దూసుకుపోయే చోట పెడతారు. వార్టన్ అక్కడా ఆడాడు, కానీ అతని అసలు చోటు రెండు కొయ్యల మధ్య, కదలకుండా నిలబడే చోటు. పైకి వేగమంతా వృథా చేసుకున్నట్టు కనిపిస్తుంది. అతని పనితనం గుట్టు అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు అతను ఇంగ్లండు ఎలా చేరాడో చెప్పుకోవాలి. తండ్రి హెన్రీ వార్టన్ కరీబియన్ దీవి గ్రెనడాకు చెందిన మెథడిస్టు మిషనరీ, సగం స్కాట్లాండు రక్తం. తల్లి ఆనీ ఫ్లోరెన్స్ ఎగ్రిబా ఫాంటే రాచకుటుంబంవైపు మనిషి. ఆవిడ తండ్రి కూడా స్కాట్లాండు వర్తకుడే. మన నర్సాపురం, పాలకొల్లు వైపు పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు బడులు పెట్టిన తీరు తెలిసినవాళ్లకు ఈ కుటుంబ వాతావరణం కొత్తగా అనిపించదు. అక్షరాలు, ప్రార్థన, పిల్లలు కూడా పెద్దయ్యాక ఈ పనే చేయాలన్న ఆశ. ఆర్థర్ చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువు కొంత లండన్లో సాగింది. మధ్యలో సొంత ఊరికి వెళ్లి, 1880లలో మళ్లీ ఇంగ్లండు వచ్చి, స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్‌లో కొన్నాళ్లు, 1884 నుంచి ఉత్తరాన డార్లింగ్టన్‌లోని క్లీవ్‌లాండ్ కాలేజీలో చదివాడు. మిషనరీగానో బడిపంతులుగానో వెనక్కి వెళ్లాల్సినవాడు మైదానం చూశాడు. ఇక వెళ్లలేదు.

1886 జూలై 3. లండన్, స్టాంఫర్డ్ బ్రిడ్జ్. ఇప్పుడది చెల్సీ క్లబ్బు మైదానం. అప్పటికి ఆ క్లబ్బు పుట్టడానికే ఇంకా పంతొమ్మిదేళ్లుంది. ఆ రోజు అక్కడ అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. నూరు గజాల ఫైనల్ వార్టన్ గెలిచాడు. కాలం సరిగ్గా పది సెకన్లు. డబ్బు తీసుకోకుండా పరుగెత్తేవాళ్లలో అప్పటికున్న ప్రపంచ రికార్డుతో సమానం. మరుసటి ఏడు స్టౌర్‌బ్రిడ్జ్‌లో జరిగిన పోటీలోనూ అదే పందెం అతనిదే అయింది.

పది సెకన్లు అనగానే ఇప్పటి కళ్లతో చూడకూడదు. నూరు గజాలంటే 91.44 మీటర్లు. సగటున సెకనుకు తొమ్మిది మీటర్లకు పైమాటే. అదే ఊపుతో నూరు మీటర్ల దాకా లాగితే పదకొండు సెకన్ల లోపు అవుతుంది. ఇప్పటి కుర్రాళ్లలో మంచి పరుగుగాడు అందుకోగల కాలమే కదా అనొచ్చు. అయితే ఆ రోజు అతని కాళ్ల కింద ఏముందో కూడా చూడాలి. పరుగుబాట బొగ్గు బూడిద పరిచి అణగదొక్కింది. వేళ్లు నేలకానించి, నడుము పైకెత్తి, వంగిన భంగిమలోంచి దూసుకుపోయే పద్ధతి ఇంకా రాలేదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు చార్లెస్ షెరిల్ ఆ పద్ధతిలో పరుగందుకున్నది 1888లో. కాలికి దన్నుగా పెట్టే దిమ్మలు రావడానికి ఇంకా నలభై ఏళ్లు. అంటే వార్టన్ నిలబడే బయల్దేరాలి. ముందు కాలు గీత మీద, వెనక కాలు అడుగున్నర వెనక, మోకాళ్లు కొద్దిగా వంచి, ఒంటి బరువంతా ముందు కాలి మునివేళ్ల మీదకు తెచ్చుకుని, తుపాకి మోగేదాకా ఆ బరువును కదలనివ్వకుండా పట్టుకోవాలి.

ఈ పట్టుకోవడమే అసలు కష్టం. నిలబడి బయల్దేరేవాడి ఒంటి బరువు ఎత్తున ఉంటుంది. ఒక్క వీసం ముందుకు వాలినా కాలు గీత దాటుతుంది. వెనక్కి వాలితే తుపాకి మోగిన తర్వాత ముందు ఆ వాలును సరిచేసుకుని అప్పుడు కదలాలి. పది సెకన్ల పందెంలో దానికి వ్యవధి ఎక్కడుంది? పైగా నిటారుగా ఉన్న శరీరాన్ని ముందుకు వంచి నేలను వెనక్కి తన్నడం మొదటి నాలుగైదు అడుగుల్లోనే జరిగిపోవాలి. పరుగు చూసేవాళ్లు గెలుపు గీత దగ్గర నిలబడతారు. పరుగు తెలిసినవాళ్లు మొదటి పది గజాలు చూస్తారు. వంద గజాల్లో మిగిలిన తొంభైకి కాళ్ల బలం, ఊపిరి, అభ్యాసం తోడుంటాయి. మొదటి పదికి చెవి నుంచి కాలి వేలిదాకా ఒళ్లంతా ఒక్కటై ఉండాలి.

సరిగ్గా ఆ పది గజాలనే అతను గోలు దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆనాటి గోల్‌కీపర్ పని ఇప్పటివాళ్లకు వివరిస్తే తప్ప తెలియదు. 1880లలో గోల్‌కీపర్‌కు వేరే రంగు చొక్కా లేదు, అది 1909లో వచ్చింది. చేతికి మెత్తటి తొడుగులు లేవు. పెనాల్టీ కిక్ లేదు. గోలుకు వల లేదు. ఆ రెండూ వచ్చింది 1891లో. కొయ్య క్రాస్‌బార్ ఇంగ్లండులో తప్పనిసరై నాలుగైదేళ్లే అయింది. అంతకు ముందు చాలాచోట్ల రెండు కొయ్యల మధ్య ఒక నాడా కట్టేవారు. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. గోల్‌కీపర్ మీద పడొచ్చు. బంతి అతని దగ్గరున్నా లేకపోయినా, ఎదుటి జట్టు ఫార్వర్డులు భుజంతో ఢీకొట్టి అతన్ని పడదోయడం అప్పటి ఆటలో భాగం. ఒకడు బంతిని పైకి లేపితే ఇద్దరు కీపర్ మీదకు ఉరికేవారు. బంతిని గుండెలకు హత్తుకుని నిలబడ్డాడా, బంతితో సహా గోలులోకి నెట్టేస్తారు, గోలు లెక్కలోకి వస్తుంది.

అందుకే ఆ కాలపు కీపర్లలో ఎక్కువమంది బంతిని పట్టుకునేవారు కాదు, పిడికిలితో గుద్దేవారు, లేదా తన్నేవారు. దానికి తోడు నియమం ఒకటి వాళ్లకు వెసులుబాటు ఇచ్చింది. 1912 దాకా కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో ముట్టుకోవచ్చు. ఇప్పటిలా ఒక చట్రం గీసి, చేతులు ఇందులోనే ఆడించు అన్న హద్దు లేదు. బంతిని పట్టుకుని నడిచిపోకూడదు, అంతే. అంటే యాభై గజాల నేల మీద చేతి హక్కు ఉన్నవాడు ఒక్కడే, కానీ ఆ హక్కు వాడుకోవాలంటే అక్కడికి వేళకు చేరాలి. చాలామంది కీపర్లు చేరలేరు కాబట్టి గీత మీదే ఉండిపోయేవారు. వార్టన్ చేరగలడు.

చూసినవాళ్ల వర్ణనల ప్రకారం అతని పద్ధతి ఇది. గోలు మధ్యలో చేతులు చాచి నిలబడేవాడు కాదు. ఒక కొయ్య పక్కన, ముడుచుకున్నట్టు వంగి కూర్చునేవాడు. ఎదుటివాళ్లు బంతి తోలుకుంటూ వస్తున్నా కదిలేవాడు కాదు. అందరూ గోలు ఖాళీగా ఉందనుకునే దాకా ఉండి, ఆఖరి క్షణంలో లేచి ఉరికేవాడు. ఆ ఉరుకులోనే పిడికిలి బంతికి తగిలేది. అతని గుద్దుకు పేరుంది. బంతి గోలు ముందు నుంచి లేచి ఎక్కడో దూరాన పడేదట.

ఇది ఆటపట్టించడం కాదని లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. కొయ్య పక్కన కూర్చున్న మనిషికి, పది గజాల అవతల బంతితో వస్తున్న ఫార్వర్డుకు మధ్య పందెం జరుగుతుంది. మామూలు ఆటగాడికన్నా దేశపు ఛాంపియన్ ఆ పది గజాలను పావు సెకను ముందు దాటతాడనుకుందాం. పరుగు మీదున్న మనిషికి పావు సెకనంటే మీటరున్నర నుంచి రెండు మీటర్ల నేల. షాట్ కొట్టడానికి ఫార్వర్డు ఎత్తిన కాలు కిందకు దిగేలోపు ఆ రెండు మీటర్లు కీపర్‌వి అయిపోతాయి. అయితే ముందే బయల్దేరితే ఆ లాభం పోతుంది. కీపర్ వస్తున్నాడని చూసిన ఫార్వర్డు బంతిని పక్కకు తప్పిస్తాడు, లేదా పక్కవాడికి ఇస్తాడు. అందుకే ఆగాలి. ఎంత ఆలస్యంగా లేస్తే అవతలివాడి దగ్గర అంత తక్కువ దారి మిగులుతుంది. తుపాకి మోగేదాకా మునివేళ్ల మీద బరువు ఆపుకున్న మనిషికి ఆ ఆగడం చేతనైన విద్య. ఇక్కడ తుపాకి లేదు. ఫార్వర్డు ఆఖరి అడుగే తుపాకి.

పక్కన కూర్చోవడంలో కూడా నాకొక ఉపాయం కనిపిస్తుంది. మధ్యలో నిలబడ్డ కీపర్ మీదకు ముగ్గురు ఏ దిక్కు నుంచైనా పడొచ్చు. కొయ్య పక్కన వంగి ఉన్నవాడి మీద పడాలంటే కొయ్యకే తగులుతారు. గోలులో పెద్ద భాగం వదిలేసి కూర్చున్నాడు కాబట్టి కొట్టేవాడి కన్ను ఆ ఖాళీ వైపే పోతుంది. బంతి ఎటు వస్తుందో కీపర్‌కు ముందే తెలిసిపోయినట్టే. నాలుగు మూలలూ కాయడం మానేసి, ఒక మూలను తానే ఎంచి చూపించాడు. ఆ ఖాళీలోకి బంతి కంటే ముందు తాను చేరగలనన్న నమ్మకం కాళ్లలో లేనివాడు ఈ పని చేయకూడదు, చేస్తే నవ్వులపాలవుతాడు.

నవ్వినవాళ్లూ లేకపోలేదు. 1887 అక్టోబరులో ఒక క్రీడాపత్రికలో రాసేవాడొకడు, అతను అప్పుడు ఆడుతున్న ప్రెస్టన్ జట్టు కప్పు పోటీలో వార్టన్‌ను గోలులో పెడితే గెలుపు అవకాశాలు తగ్గుతాయని, కొయ్యల మధ్య చోటు అల్లరి చేష్టలకు కాదని వెక్కిరించాడు. అతని ఒంటి రంగును ఎత్తి, తలకాయ మందమని కూడా రాశాడు. కొందరు దీన్ని నిబ్బరం అంటున్నారు, ఒట్టి మాట అని తీసిపారేశాడు. ఆ రాతలోని జాతిద్వేషం చదివితే ఇప్పటికీ మనసు మండుతుంది. దాని వెనక ఉన్న పొరపాటు కూడా గమనించాలి. ఆ విమర్శకుడు చూడాల్సినదాన్నే చూశాడు. కీపర్ కదలకపోవడం అతని కంట పడింది. అది శిక్షణ పొందిన మనిషి చేస్తున్న కఠినమైన పని అని మాత్రం తెలుసుకోలేకపోయాడు. తెల్లవాడు అలా కూర్చుంటే నిబ్బరం అని ఉండేవాడేమో. నల్లవాడు కూర్చుంటే ఆటపట్టించడం అయింది.

వార్టన్ గురించి అందరూ చెప్పుకునే ఒక ముచ్చట ఉంది. షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు మైదానం ఆలివ్ గ్రోవ్‌లో రాథరమ్‌తో ఆట, వార్టన్ రాథరమ్ వైపు. దాన్ని కళ్లారా చూసిన ఒకాయన ఏళ్ల తర్వాత, 1942లో, షెఫీల్డు పత్రికకు ఉత్తరం రాశాడు. బంతి గోలు మీదకు వస్తోంది, దాని వెనకే ముగ్గురు ఫార్వర్డులు కీపర్‌ను గుద్దడానికి ఉరుకుతున్నారు. వార్టన్ ఎగిరి క్రాస్‌బార్ పట్టుకుని వేలాడి, బంతిని రెండు కాళ్ల మధ్య ఒడిసి పట్టుకున్నాడు. గుద్దడానికి అక్కడ మనిషి లేకపోయేసరికి ముగ్గురూ వెళ్లి గోలులో పడ్డారు.

చాలామంది దీన్ని సర్కస్ విద్యగా చెప్పి నవ్విస్తారు. నేను దీన్ని ఆనాటి నియమాలకు ఇచ్చిన జవాబుగా చదువుతాను. నేల మీద నిలబడ్డ కీపర్‌ను పడదోయొచ్చు. నేల మీద లేనివాణ్ని ఎలా పడదోస్తారు? చేతులు బారు మీద ఉన్నాయి, కనుక బంతిని పట్టడానికి కాళ్లే మిగిలాయి. కాళ్లతో పట్టాడు. బారు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తు. నిలువునా ఎగిరి చెక్క దూలాన్ని పట్టుకుని, ఊగిపోకుండా నడుము బిగించి, వస్తున్న తోలు బంతిని మోకాళ్ల మధ్య ఇరికించాలి. ఇంతా రెప్పపాటులో. తొందరపడి ముందే ఎగిరితే ఆ ముగ్గురూ ఆగిపోయి కింద కాచుకుంటారు. ఆలస్యమైతే ఢీ తప్పదు. వాళ్లు ఇక తమ ఊపును ఆపుకోలేరన్న క్షణం వచ్చేదాకా ఇక్కడా ఆగాల్సిందే. ఈ మనిషి చేసిన ప్రతి పనిలోనూ చివరికి ఆ ఆగడమే కనిపిస్తుంది.

ప్రెస్టన్ నార్త్ ఎండ్ జట్టులో చేరింది 1886లో. అప్పటికి ఇంగ్లండులో ఆటగాళ్లకు బాహాటంగా జీతమివ్వడం చట్టబద్ధమై ఏడాది మాత్రమే అయింది. దాని కోసం గట్టిగా కొట్లాడిన క్లబ్బు ఈ ప్రెస్టనే. 1887 మార్చిలో ఎఫ్.ఏ. కప్పు సెమీఫైనల్‌లో వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో 3-1తో ఓడిపోయేదాకా వాళ్ల గోలు దగ్గర వార్టన్ ఉన్నాడు. అదే ఏడు సైకిలు మీద ప్రెస్టన్ నుంచి బ్లాక్‌బర్న్‌కు రికార్డు వేగంతో వెళ్లినట్టు కూడా లెక్కల్లో ఉంది. 1888లో జట్టు వదిలేశాడు. వదిలిన వెంటనే, 1888-89లో, ప్రెస్టన్ ఒక్క ఆట కూడా ఓడకుండా మొట్టమొదటి లీగ్ గెలిచి, ఒక్క గోలు కూడా ఇవ్వకుండా కప్పూ గెలిచి, అజేయులన్న పేరు తెచ్చుకుంది. ఇంకొక్క ఏడాది ఉంటే చరిత్రలో ఇంకా పెద్ద అక్షరాల్లో ఉండేవాడని బాధపడేవాళ్లున్నారు. నాకు ఆ బాధ లేదు. ఆ ఏడు అతను తనకు బాగా వచ్చిన పనిని అమ్ముకోవడానికి వెళ్లాడు. పనివాడికి ఆ హక్కుంది.

ఆ అంగడి షెఫీల్డు. అక్కడి పందెపు పరుగులకు జనం వేలల్లో వచ్చేవారు. పందెం హ్యాండిక్యాప్ పద్ధతిలో జరుగుతుంది. అందరికన్నా గట్టివాడు వెనక గీత నుంచి, మిగిలినవాళ్లు వాళ్లవాళ్ల శక్తిని బట్టి కొన్ని గజాలు ముందు నుంచి బయల్దేరతారు. లెక్కప్రకారం అందరూ ఒకేసారి గీత దాటాలి. ఎవరికి ఎన్ని గజాలివ్వాలో నిర్ణయించేవాడికి ఒక లెక్క, పరుగుగాడి వెనకుండి ఖర్చులు పెట్టేవాడికి ఇంకో లెక్క, చుట్టూ డబ్బు కాసేవాళ్లకు మరో లెక్క. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల దగ్గర నిలబడ్డవాళ్లకు ఈ గాలి ఇట్టే తెలిసిపోతుంది. పుంజు రంగు, జాతి, అంతకు ముందు ఎవరితో తలపడింది, ఎంతకాలం దాచి మేపారు అన్నది పందెంరాయుళ్లు ఎలా చూస్తారో, షెఫీల్డులో మనిషిని అలా చూసేవారు. తన అసలు వేగం నెలల తరబడి బయటపడకుండా దాచి, ఎక్కువ గజాలు సంపాదించుకుని, ఒక్క పందెంలో విప్పి చూపించడం అక్కడ మామూలు. ఇంగ్లండు ఛాంపియన్‌గా పేరుపడ్డ వార్టన్‌కు దాచుకోవడానికి ఏముంది? అతని పది సెకన్లు పత్రికల్లో అచ్చయిపోయాయి. అయినా 1888 సెప్టెంబరులో షెఫీల్డు హిల్స్‌బరోలోని క్వీన్స్ గ్రౌండులో జరిగిన హ్యాండిక్యాప్ గెలిచాడు. దాపరికం లేకుండా గెలిచిన పందెం కాబట్టి దాన్ని నేను స్టాంఫర్డ్ బ్రిడ్జ్ గెలుపు కంటే ఒక మెట్టు పైన పెడతాను.

డబ్బు తీసుకున్న ఆ రోజు నుంచి అమెచ్యూర్ పోటీల తలుపులు అతనికి మూసుకున్నాయి. ఆ గీతకు అటూ ఇటూ జీవితాలు ఎంత వేరో తెలియడానికి మన దేశంలోనే ఒక జోడీ దొరుకుతుంది. కలకత్తాలో 1875లో పుట్టిన నార్మన్ ప్రిచర్డ్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడూ, పరుగుగాడూ. 1897లో సెయింట్ జేవియర్స్ తరఫున శోభాబజార్ జట్టు మీద మూడు గోల్స్ వేశాడు. బెంగాల్ నూరు గజాల పరుగును వరుసగా ఏడేళ్లు గెలిచాడు. 1900 వేసవిలో పారిస్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులోనూ, 200 మీటర్ల హర్డిల్స్‌లోనూ రెండో స్థానాల్లో నిలిచాడు. మన రాజమండ్రిలో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన మీద రాకపోకలు మొదలైన ఏడాదే అది. అదే కాలంలో కలకత్తాలో ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యాడు. తర్వాత నాటకాల్లోకి, హాలీవుడ్ మూకీ చిత్రాల్లోకి వెళ్లాడు. పరుగు మీద బతకాల్సిన అవసరం ప్రిచర్డ్‌కు రాలేదు. వార్టన్‌కు బతుకంతా అదే.

ఆ తర్వాతి సంవత్సరాలు త్వరగా చెప్పొచ్చు. 1889లో రాథరమ్ టౌన్ జట్టులో చేరాడు, మరుసటి ఏడు ఆ ఊళ్లోనే ఎమ్మా లిస్టర్‌ను పెళ్లాడాడు. పబ్బు నడిపాడు, వేసవిలో జీతానికి క్రికెట్ ఆడాడు. 1894లో షెఫీల్డ్ యునైటెడ్‌కు వెళ్లాడు. అక్కడ అతనికి ఎదురైంది విలియం ఫౌల్క్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, ఏళ్లు గడిచేకొద్దీ నూట ముప్ఫై కిలోలు దాటిన బరువు. ఇద్దరి పనులూ పక్కపక్కన పెట్టి చూస్తే ముచ్చటేస్తుంది. ఫార్వర్డులు ఢీకొట్టే సమస్యకు ఫౌల్క్ దగ్గర జవాబు కదలని ఒళ్లు. వార్టన్ దగ్గర జవాబు దొరకని ఒళ్లు. క్లబ్బు ఫౌల్క్‌ను ఎంచుకుంది. అప్పటికి వార్టన్‌కు ముప్ఫై ఏళ్లు దగ్గరపడ్డాయి, మొదటి పది గజాలు నెమ్మదించే వయసు. 1895 ఫిబ్రవరిలో సండర్లాండ్ మీద ఒక మొదటి డివిజన్ ఆట ఆడాడు. ఇంగ్లండు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడన్న గుర్తింపు ఆ ఒక్క ఆటతో దక్కింది. ఆ తర్వాత మళ్లీ రాథరమ్, స్టేలీబ్రిడ్జ్, ఆష్టన్, చివరికి స్టాక్‌పోర్ట్. 1902లో ఆట ఆపేశాడు. అతనికన్నా ముందే ఆండ్రూ వాట్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1881లో స్కాట్లాండు జట్టుకు నాయకత్వం వహించాడు. వాట్సన్ డబ్బు తీసుకున్నట్టు ఖాయమైన ఆధారం లేదు కనుక జీతగాడిగా తొలి పేరు వార్టన్‌దే.

ఆట పోయాక బొగ్గు గని. యార్క్‌షైర్‌లో డాంకాస్టర్ దగ్గర ఎడ్లింగ్టన్ గనిలో హాలేజీ పని. ఈ మాట మన వాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. గోదావరి ఎగువన సింగరేణిలో పనిచేసినవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. తవ్విన బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద తోసి, తగిలించి, పైకి పంపే పని. తుపాకి మోతకు మునివేళ్ల మీద లేచిన కాళ్లు ఇప్పుడు మడమ ఆనించి బరువు నెట్టాయి. 1926 సార్వత్రిక సమ్మెలో తోటి కార్మికులతో పాటు పని మానేశాడు. 1930 డిసెంబరు 13న, అరవై అయిదేళ్ల వయసులో, జబ్బుతో ఆసుపత్రిలో పోయాడు. సమాధి మీద పేరు చెక్కించే స్తోమత ఆ ఇంటికి లేదు.

అతని విద్యలో ఏది పాతబడింది, ఏది పాతబడలేదు అని చూస్తే, క్రాస్‌బార్ పట్టుకు వేలాడే కీపర్ ఇప్పుడు అక్కర్లేదు. కీపర్‌ను గుద్దితే ఫౌల్ ఇస్తారు. ఆగి లేచే విద్య మాత్రం ఏ మైదానంలోనైనా కనిపిస్తుంది. పశ్చిమ గోదావరి తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 మేలో బహమాస్ రాజధాని నసావులో 4×400 మీటర్ల రిలే పరుగెత్తింది. రూపల్ చౌదరి, ఎం.ఆర్. పూవమ్మ, శుభా వెంకటేశన్‌లతో కలిసి 3 నిమిషాల 29.35 సెకన్లలో ముగించి, జమైకా వెనక రెండో స్థానంలో నిలిచి పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత తెచ్చారు. ఆగస్టులో పారిస్‌లోనూ ఆమె పరుగెత్తింది. రిలే చూసేటప్పుడు చాలామంది కన్ను పరుగెత్తి వస్తున్నవారి మీదే ఉంటుంది. ఒక్కసారి బ్యాటన్ కోసం నిలబడ్డ అమ్మాయిని చూడండి. ఒళ్లు ముందుకు తిరిగి ఉంటుంది, మెడ వెనక్కి తిరిగి ఉంటుంది, ఒక చెయ్యి వెనక్కి చాచడానికి సిద్ధంగా ఉంటుంది. అలిసిపోయి వస్తున్నవారి వేగం ఎంత మిగిలిందో కంటితో కొలిచి, ఏ అడుగు దగ్గర తాను కదలాలో ఎంచుకోవాలి. తొందరపడితే బ్యాటన్ అందదు, ఆలస్యమైతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడతారు. ఆలివ్ గ్రోవ్ గోలులో వార్టన్ ఎంచుకున్న క్షణమూ ఆ జాతిదే. ఇప్పటి పరుగుగత్తెకు కోచ్, శిక్షణ శిబిరం, వీడియో ఉన్నాయి. 1880లలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒంటరి కుర్రాడు దాన్ని రెండు ఆటల మధ్య తనకు తానే కనిపెట్టుకున్నాడు. అందుకే అతని పనితనం మీద నాకింత గౌరవం.

1997లో షెఫీల్డులో జాతిద్వేషానికి వ్యతిరేకంగా ఫుట్‌బాల్ అభిమానులు నడిపే సంస్థ పూనుకుని, ఎడ్లింగ్టన్‌లో అతని సమాధికి పేరున్న రాయి పెట్టించింది. మరుసటి ఏడు చరిత్రకారుడు ఫిల్ వాసిలి రాసిన జీవితచరిత్ర వచ్చింది. 2003లో ఇంగ్లండు ఫుట్‌బాల్ ప్రముఖుల పట్టికలో చేర్చారు. 2014 అక్టోబరులో, ఇంగ్లండు జాతీయ జట్టు శిక్షణ పొందే సెయింట్ జార్జెస్ పార్కులో వివియన్ మాలక్ చేసిన కంచు విగ్రహం నిలబెట్టారు. బంతి కోసం చెయ్యి చాచి గాలిలోకి లేచిన గోల్‌కీపర్ భంగిమ అది. శిల్పి చెయ్యి మంచిదే. చేతివేళ్లలోని చాపు, నడుములోని సాగు చూస్తే బరువైన కంచు అని మరిచిపోతాం. అయినా నన్నడిగితే అంతకు ముందరి క్షణం చెక్కమని చెప్పేవాణ్ని. కొయ్య పక్కన వంగి, ఒంటి బరువు మునివేళ్ల మీద పెట్టుకుని, ఎదుటివాడి కాలు లేవడం కోసం చూస్తున్న మనిషిని. గాలిలోకి ఎగరడం ఇంకా చాలామంది కీపర్లకు వచ్చు.